కట్టిన చెయ్యి

రంజిత బెంగళూరులోని ఒక పెద్ద ఆసుపత్రిలో, ఎమ్మారై స్కానింగ్ గదిలో పనిచేసేది. డిప్లొమా ముగించి చేరి ఎనిమిది నెలలయింది. 2006 జూన్‌లో ఒకరోజు డాక్టర్ జ్ఞానాంబ కాగితాల కట్ట ఒకటి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టింది.

"రంజితా, ఈ ప్రశ్నలన్నీ తెలుగులోకీ తమిళంలోకీ మార్పించినాను. తప్పులుంటే చూసిపెట్టమ్మా. నీకు రెండూ వస్తాయి కదా."

జ్ఞానాంబది తమిళనాడు సరిహద్దులోని హోసూరు. బజారు వీధిలో వాళ్ళ నాన్నకు బట్టల అంగడి ఉండేది. ఆసుపత్రిలో అందరితోనూ ఇంగ్లీషులోనో కన్నడంలోనో మాట్లాడే ఆవిడ, రంజితను చూడగానే ఇంటి తెలుగులోకి దిగిపోయేది. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ మెదడు మీద ఆవిడ పరిశోధన. మామూలుగా మెదడులో కుడివైపుకీ ఎడమవైపుకీ కొంత తేడా ఉంటుంది. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కబురు మోసుకుపోయే నరాల దారులుంటాయి. ఆటిజం ఉన్నవాళ్ళలో ఆ తేడా ఎంత, ఆ దారులు ఎలా ఉంటాయి అన్నది ఆవిడకు కావాలి. యంత్రం ఉంది, అనుమతులున్నాయి. మనుషులే దొరకడం లేదు.

"పిల్లోళ్ళనైతే తీసుకొస్తారు. పెద్దోళ్ళు యాడ ఉండారు?" అంది జ్ఞానాంబ. "ముప్పై ఏండ్ల కింద ఈ పేరే మన పక్క ఎవరికీ తెలీదు. మొద్దు అనో, గాలి సోకిందనో అనుకొని వదిలేసినారు. వాళ్ళంతా ఇప్పుడు ఏదో ఒక ఇంట్లో, ఏదో ఒక పనిలో ఉండే ఉంటారు."

ఆవిడ వెళ్ళాక రంజిత కాగితాలు తీసి చదివింది. మాటలు ఆలస్యంగా వచ్చాయా? వచ్చిన మాటలు మళ్ళీ పోయాయా? పనులన్నీ ఒకే వరుసలో జరగకపోతే తల్లడిల్లిపోతారా? కొన్ని చప్పుళ్ళకు చెవులు మూసుకుంటారా? ఎదుటి మనిషి కళ్ళలోకి చూడటం కష్టమా? మూడో పేజీకి వచ్చేసరికి ఆమెకు చదవడం కష్టమైంది. ఎవరో తమ ఇంటికి వచ్చి, వారం రోజులుండి, చిన్నాయనను చూసి రాసుకుపోయినట్టుంది.

ఆమె చిన్నాయన పేరు కేశవప్ప. అప్పటికి ముప్పై ఏడేళ్ళు. హోసూరు దాటి, అంచెట్టి అవతల కొండల్లో వాళ్ళ ఊరు. రాగి, ఉలవలు వేసుకునే మెట్ట భూమి, ఎకరన్నర మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగులు మేపే కొట్టం. ఆ కొట్టం మొత్తం కేశవప్పదే. తెల్లవారకముందే లేచి ఆకు కోసేవాడు. తట్టలన్నింటికీ ఎడమ మూల నుంచి మొదలుపెట్టి ఒకే వరుసలో ఆకు వేసేవాడు. ఎవరైనా మధ్య తట్టకు ముందు వేస్తే, ఆ ఆకంతా తీసేసి మళ్ళీ మొదటినుంచి వేసేవాడు. పురుగులు ఆకు తినే చప్పుడు చిన్న వానలా ఉంటుంది. ఆ చప్పుడు ఏమాత్రం తగ్గినా, పురుగులు పొర విడిచే సమయమైందని అందరికంటే ముందు అతనికే తెలిసేది. "జ్వరం" అనేవాడు. రైతులు దాన్ని అలాగే అంటారు. ఆ రోజుకు అతను మాట్లాడే మాటల్లో అదొకటి. మిగిలినవి ఓ పది పన్నెండు ఉంటాయి.

ఊళ్ళో అతన్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఎవరూ అతనితో మాట్లాడేవాళ్ళూ కాదు. ఇంటివాళ్ళను పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు, వాడిని మాత్రం ఇంట్లోనే ఉంచి రమ్మనేవాళ్ళు.

జూలై మొదటి వారంలో రంజిత ఊరికి వెళ్ళి, ఇంట్లో సంగతి చెప్పింది. ఆమె తండ్రి సుబ్బరాయప్ప భోజనం చేస్తున్నవాడల్లా తలెత్తాడు.

"ఊర్లో వాళ్ళు అనేది చాలదా? ఇప్పుడు కాగితం మీద కూడా రాయించుకోని రావాల్నా?"

"అది తిట్టు కాదు నాయనా. చిన్నాయన ఎందుకట్ల ఉండాడో తెలుసుకునేదానికి."

"తెలిసి ఏం చేస్తావు? దానికి మందు ఉండాదా?"

"లేదు."

"మందు లేనిదానికి అంత దూరం ఎందుకు? వాడి పాటికి వాడు బాగుండాడు. బస్సు హారన్ వింటేనే కిందా మీదా పడేవాడిని బెంగళూరుకి తీసుకుపోతావా?"

రంజిత తన అవ్వ పుట్టమ్మ వైపు చూసింది. అవ్వ తప్పక తన వైపు మాట్లాడుతుందనుకుంది. కొడుకు కోసం ఆ మనిషి తిరగని చోటు లేదు. ధర్మపురి దాకా పోయి తాయెత్తు కట్టించింది. కృష్ణగిరిలో ఒక డాక్టరుకు చూపిస్తే రెండు నిమిషాలు చూసి, బుద్ధి ఎదగలేదని చెప్పి పంపించేశాడు. అయినా ఎవరు ఏ పేరు చెప్పినా, పోదామనేది. అలాంటి పుట్టమ్మ ఇప్పుడు గోడవైపు తిరిగి, "వద్దు" అంది. "తలకాయలో బొమ్మ తీసేది మనకొద్దు."

"నొప్పి ఉండదవ్వా. సూది కూడా లేదు."

"వద్దంటే వద్దు. ఇంకోసారి ఎత్తొద్దు ఆ మాట."

మర్నాడు పొద్దున అవ్వా మనవరాలూ మల్బరీ తోటలో ఆకు కోస్తున్నారు. కేశవప్ప రెండు సాళ్ళ అవతల ఉన్నాడు. ఊరికే తెలుసుకుందామని రంజిత అడిగింది.

"అవ్వా, ఆ కాగితాల్లో ఒక ప్రశ్న ఉండాది. చిన్నాయన కుడిచేత్తో తింటాడు, ఆకు మాత్రం ఎడమచేత్తో కోస్తాడు. అసలు ఏ చెయ్యి వాటం?"

పుట్టమ్మ చేతిలోని ఆకు బుట్టలో పడలేదు, కింద పడింది. ఆమె సాలు గట్టు మీద కూర్చుండిపోయింది.

"ఆ మాట కూడా అడిగినారా?" అంది.

"ఏమయింది అవ్వా?"

"వాడిది ఎడమచెయ్యే పాపా. పుట్టినప్పటినుంచీ ఎడమచెయ్యే." పుట్టమ్మ గొంతు తగ్గించింది. "మూడేండ్లప్పుడు వాడికి మాటలుండె. ఆవు అనేవాడు. నీళ్ళు అనేవాడు. అమ్మా అని ఒక్కొక్కసారి అనేవాడు. కంచం ముందర కూర్చుంటే మాత్రం ఎడమచెయ్యే పెట్టేవాడు. మా అత్త ఊరుకొనేది కాదు. నలుగురిలో పరువు పోతాదనేది. నేను చీర చించి, వాడి ఎడమచెయ్యి నడుముకి కట్టేసినాను. కూడు తినేటప్పుడంతా కట్టేది. తర్వాత పొద్దంతా కట్టినాను. సంవత్సరం పైన కట్టినాను."

రంజిత చేతిలోని కొమ్మ వదిలేసి, వచ్చి అవ్వ పక్కన కూర్చుంది.

"ముందర ఏడ్చేవాడు. పోను పోను ఏడుపు మానేసినాడు. మాటలూ మానేసినాడు. మళ్ళీ ఒక మాట వచ్చేసరికి తొమ్మిదేండ్లు పడినాయి. చెయ్యి కట్టినాను, నోరు పడిపోయింది. ఇంకెవరూ చెయ్యలేదు పాపా, నేనే చేసినాను. మీ తాత అప్పుడు కూలికి పై ఊర్లలో ఉండె, ఆయనకు తెలీదు. మీ నాయనకు అప్పుడు ఏడేండ్లు, వాడికి గుర్తుండదు." ఆమె రెండు సాళ్ళ అవతలున్న కొడుకును చూసింది. "ఆ బొమ్మలో అంతా పడతాది కదా? డాక్టరమ్మ చూసి చెప్పేస్తాది, ఇది తల్లి చేసిన పని అని. మీ నాయన ముందర. వాడి ముందర."

రంజితకు ఏదో ఒకటి చెప్పి ఆమెను ఊరడించాలనిపించింది. కానీ యంత్రం నడపడమే తప్ప, ఆ బొమ్మల్లో ఏముందో చదవడం ఆమెకు పూర్తిగా తెలియదు. తెలియని సంగతి అవ్వకు చెప్పలేకపోయింది.

"నాకు తెలీదవ్వా," అంది. "డాక్టరమ్మను అడిగి చెప్తాను. నీ పేరు చెప్పను."

అడిగే అవసరం రాలేదు. ఆమె బెంగళూరు చేరిన పదోరోజున సుబ్బరాయప్ప అంచెట్టి నుంచి ఫోన్ చేశాడు.

"మీ అవ్వ బెంగళూరు పోదామంటా ఉండాది. కేశవప్పను తీసుకొని తానే వస్తుందంట. ఏం చెప్పినావే ఆమెకు?"

"నేనేమీ చెప్పలేదు నాయనా."

"మూడు దినాలుగా కూడు తినకుండా కూర్చుని, నిన్న లేచి చెప్పింది. తెలిసేది ఏదో తెలియనీ అంటాది. ఏం తెలియాల్నో చెప్పదు."

రంజితకు అర్థమైంది. తండ్రికి మాత్రం చెప్పలేదు.

జ్ఞానాంబ సంతోషించింది కానీ, వెంటనే రమ్మనలేదు. "ఇంటోళ్ళు ఒప్పుకుంటే చాలదమ్మా. ఆయన ఒప్పుకోవాల. ఈ యంత్రం ఎట్ల ఉంటుందో, ఎంత చప్పుడు చేస్తుందో ముందే తెలియాల. లేకుంటే మోసం చేసి పడుకోబెట్టినట్టే." యంత్రం చప్పుడును క్యాసెట్టులో పట్టించి, గది ఫోటోలు నాలుగు తీయించి, రంజిత చేతికిచ్చి ఊరికి పంపింది.

క్యాసెట్టు మొదటిసారి వేసినప్పుడు కేశవప్ప చెవులు మూసుకుని మల్బరీ తోటలోకి పరుగెత్తాడు. పొద్దు గూకేదాకా ఇంటికి రాలేదు. సుబ్బరాయప్ప కూతురి మీద కోప్పడ్డాడు. కానీ మర్నాడు అతనే టేప్ రికార్డర్ తీసుకెళ్ళి కొట్టం బయట, వాకిటికి చాలా దూరంగా పెట్టాడు. చప్పుడు వినిపించీ వినిపించనంత చిన్నగా పెట్టి, రంజిత చెప్పినట్టు ప్రతిరోజూ ఒకే వేళకు వేశాడు. వారం తర్వాత నాలుగు అడుగులు దగ్గరికి జరిపాడు. మూడో వారానికి టేప్ రికార్డర్ కొట్టం గుమ్మంలోకి వచ్చింది.

"వీడు వింటా ఉండాడు," అని ఫోన్లో చెప్పాడు. మొదటిసారి అతని గొంతులో ఉత్సాహం వినిపించింది. "ఏది తర్వాత ఏదో వీడికి వచ్చేసింది. టకటక అయిపోతానే, ఇంక గీ అంటాడు. వెంటనే గీమంటాది."

గొట్టంలాంటి యంత్రంలో పడుకోవడం ఎలా నేర్పాలన్నది తర్వాతి సమస్య. దానికి దారి కూడా సుబ్బరాయప్పే కనిపెట్టాడు. పెరట్లో పాత గూడుబండి ఒకటి విరిగి పడి ఉంది. దాని వెదురు గూడు ఊడదీసి, దుమ్ము దులిపి, నులక మంచం మీద బోర్లించాడు. ముందు తాను దూరి పడుకుని చూపించాడు. నలభై దాటిన మనిషి అలా కాళ్ళు బయటికి చాపి పడుకుంటే ఇంట్లో ఆడవాళ్ళు నవ్వారు. కేశవప్ప నవ్వలేదు. అన్న బయటికి రాగానే తాను దూరాడు. అరగంట తర్వాత చూస్తే నిద్రపోతున్నాడు. ఆ రోజునుంచి మధ్యాహ్నం నిద్ర అక్కడే.

అక్టోబరులో పట్టుగూళ్ళు హోసూరు మార్కెట్టుకు వేసి, కొట్టం ఖాళీ అయిన వారంలో తల్లీ కొడుకులు ముగ్గురూ బయలుదేరారు. అంచెట్టి నుంచి హోసూరు దాకా కేశవప్ప చెవుల్లో దూది పెట్టుకుని, అన్న భుజానికి ఆనుకుని కూర్చున్నాడు. హోసూరులో బస్సు మారి జూజువాడి చేరేసరికి రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర లారీలు కిలోమీటరు పొడవునా ఆగిపోయి ఉన్నాయి. అన్నీ ఒక్కసారిగా హారన్లు కొడుతున్నాయి. కేశవప్ప సీట్లోంచి కిందికి జారి, తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఊగడం మొదలుపెట్టాడు. బస్సులో వాళ్ళంతా లేచి చూశారు. ఎవరో అరవంలో, ఇలాంటివాళ్ళను ఎందుకు తీసుకొస్తారన్నారు.

సుబ్బరాయప్ప ఆ మాట అన్నవాడి వైపు ఒకసారి చూశాడు. "దిగుదాం రాప్పా," అని తమ్ముణ్ణి లేపాడు. ముగ్గురూ దిగి, రోడ్డు వదిలి, అంగళ్ళ వెనక ఖాళీ స్థలాల్లోంచి నడిచారు. చెక్‌పోస్టు దాటి చాలా దూరం పోయాక ఒక టీ అంగడి దగ్గర కూర్చుని, ఇంకో బస్సు ఎక్కారు. ఆసుపత్రికి చేరేసరికి రెండు గంటలు ఆలస్యమైంది. రంజిత గేటు దగ్గరే నిలబడి ఉంది.

"వెనక్కి పోతారేమో అనుకుంటి నాయనా."

"నేనూ అనుకుంటిని," అన్నాడు సుబ్బరాయప్ప. "వాడు ముందు నడిచినాడు."

రెండు రోజులు ప్రశ్నలతో, పరీక్షలతో గడిచాయి. జ్ఞానాంబ కేశవప్పకు ఎదురుగా కూర్చోకుండా, పక్కన కూర్చుని మాట్లాడింది. "మీరు" అంది. అతన్ని అలా పిలిచిన మొదటి మనిషి ఆవిడే. ఫోటోలు ఒక్కొక్కటీ ముందు పెట్టి, ఏం జరుగుతుందో చెప్పింది. "మీకు ఇష్టమైతే పడుకోండి. లేదంటే ఇంటికి పోవచ్చు. ఎవరూ ఏమీ అనరు," అంది. కేశవప్ప ఫోటోలను మళ్ళీ వరుసగా పేర్చి, ఆఖరి దాని మీద వేలు పెట్టి, "పడుకుంటా," అన్నాడు.

ఆటిజమే అని ఆవిడ రెండోరోజు సాయంత్రం చెప్పింది. సుబ్బరాయప్ప ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

మూడోరోజు స్కాన్. లోపలికి లోహం ఏదీ పోకూడదు. కేశవప్ప మొలతాడుకు రాగి తాయెత్తు ఉంది, అతనికి అయిదేళ్ళప్పుడు ధర్మపురిలో కట్టించింది. తాడు ఎన్నిసార్లు మార్చినా తాయెత్తు మాత్రం ఎప్పుడూ ఒంటిమీదనుంచి తీయలేదు. నర్సు చెయ్యి వేయబోతే అతను వెనక్కి జరిగాడు. పుట్టమ్మ ముందుకు వచ్చి, "నేను తీస్తానప్పా," అంది. ముడి విప్పి, తాయెత్తును కొంగున కట్టుకుంది.

రంజిత చిన్నాయనను పడుకోబెట్టి, అతని ఎడమచేతిలో ఒక రబ్బరు బుడ్డి పెట్టింది. "ఇది నొక్కితే బయట గంట మోగుతుంది, ఆపేస్తాం చిన్నాయనా. ఎప్పుడు నొక్కినా సరే."

యంత్రం మొదలైన రెండో నిమిషంలో గంట మోగింది. రంజిత ఆపేసి, లోపలికి పరుగెత్తింది. కేశవప్ప మామూలుగానే ఉన్నాడు. పైకి చూస్తున్నాడు.

"భయమయిందా?"

మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ గంట. మళ్ళీ ఆపారు. మూడోసారీ అంతే. బయట ఇంకో టెక్నీషియన్ విసుక్కున్నాడు. ఈ మనిషితో కాదు, ఇంకొకరిని చూసుకుందామన్నాడు. జ్ఞానాంబ చెయ్యి అడ్డంపెట్టి ఆగమంది.

"భయపడి నొక్కలేదు," అంది. "మనం నిజంగా ఆపుతామా లేదా అని చూస్తా ఉండారు."

రంజిత లోపలికి వెళ్ళి చిన్నాయన ముఖం చూసింది. అతని ముఖంలో భయం లేదు, ఆశ్చర్యముంది. తాను వద్దంటే ఒక పెద్ద యంత్రం, ఒక గది నిండా మనుషులు ఆగిపోవడం అతనికి కొత్త. "నొక్కినాను, ఆగింది," అన్నాడు. అది అతను మాట్లాడిన మాటల్లో చాలా పెద్దది. కాసేపటికి, "ఇంక వెయ్యి," అన్నాడు. తర్వాత నలభై నిమిషాలు కదలకుండా పడుకున్నాడు. గంట మోగలేదు.

ఆ నలభై నిమిషాలూ పుట్టమ్మ పక్క గదిలో జ్ఞానాంబ ముందు కూర్చుంది. రంజిత యంత్రం దగ్గర ఉండిపోవలసి వచ్చింది కనుక, అక్కడ జరిగింది ఆమెకు తర్వాత అవ్వే చెప్పింది. సుబ్బరాయప్ప కూడా గదిలోనే ఉన్నాడు. బయటికి పొమ్మని అడగడానికి పుట్టమ్మకు నోరు రాలేదు. చివరికి కొడుకు ముందరే అంతా చెప్పేసింది. చీర చించడం, చెయ్యి కట్టడం, సంవత్సరం పైన విప్పకపోవడం.

"బొమ్మలో అది కనిపిస్తుందా తల్లీ? ఉన్నదున్నట్టు చెప్పు."

జ్ఞానాంబ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"కనిపించదమ్మా. నేను దాచి చెప్పేది కాదు. అట్ల కనిపించేది అక్కడ ఏమీ ఉండదు. ఇది చెయ్యి కట్టినందుకు వచ్చేది కాదు. మీ కడుపులో ఉన్నప్పుడే తల అట్ల తయారవుతూ వచ్చింది."

"మాట పోయింది కదమ్మా? కట్టినాకే పోయింది."

"చాలామంది పిల్లలకు ఆ ఈడులోనే పోతుంది. చేతులు కట్టని పిల్లలకూ పోయింది. ఇక్కడికొచ్చిన తల్లులు ఒక్కొక్కరూ ఒక్కొక్క కారణం చెప్తారు. ఒకామె గ్రహణంలో బయటికి పోయినానంటుంది. ఇంకొకామె బిడ్డను కిందేసినానంటుంది. అందరూ తామే చేసినామంటారు."

అప్పటిదాకా తలవంచుకు కూర్చున్న సుబ్బరాయప్ప అడిగాడు. "అయితే లోపల ఏముండాది డాక్టరమ్మా?"

"మామూలుగా ఎడమవైపు కొన్ని పనులు, కుడివైపు కొన్ని పనులు పంచుకుంటాయప్పా. మాటలు ఎక్కువగా ఎడమవైపు. కొందరిలో ఆ పంపకం అంత తేటగా ఉండదు. అటువంటివాళ్ళలో ఎడమచేతి వాటం కూడా కొంచెం ఎక్కువ. దారులు కూడా వేరే. మీ అంచెట్టి కొండల్లో ఊరికీ ఊరికీ మధ్య కాలిబాటలు ఎన్నో ఉంటాయి, హోసూరుకి పోయే బస్సులు మాత్రం తక్కువ కదా. కొందరి తలలో అట్లుంటుందని అనుకుంటా ఉండాము. అందరిలో ఒకే రకంగా ఉండదు. మాకూ ఇంకా సరిగ్గా తెలీదు. తెలిసిందని చెప్తే అబద్ధమవుతుంది."

పుట్టమ్మ కళ్ళు తుడుచుకుంది. "అయితే నా తప్పు లేదా?"

జ్ఞానాంబ ఆ ప్రశ్నకు అవునని సులువుగా తలూపి ఉండొచ్చు. ఊపలేదు.

"ఆయన ఇట్ల ఉండేదానికి మీరు కారణం కాదమ్మా. అది గట్టిగా చెప్తాను. చెయ్యి కట్టినప్పుడు ఆయనకు కష్టమయిందంటారా, అయ్యే ఉంటుంది. అది వేరే సంగతి. దాన్ని నేను తీసెయ్యలేను."

పుట్టమ్మ తల ఊపింది. తర్వాత రంజితతో, "ఆ రెండో మాట చెప్పకుంటే మొదటి మాట నేను నమ్మేదాన్ని కాదు పాపా," అంది.

స్కాన్ అయ్యాక ముగ్గురినీ ఆసుపత్రి క్యాంటీన్‌కు తీసుకెళ్ళింది రంజిత. మధ్యాహ్నం రెండు దాటింది, జనం లేరు. చిత్రాన్నం ప్లేట్లు ముందుకు వచ్చాయి. పుట్టమ్మ తినలేదు. కేశవప్ప ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అతనికి ఎవరైనా ముట్టుకుంటే నచ్చదు. అయినా చెయ్యి లాక్కోలేదు.

"నీ చెయ్యి కట్టేసినానప్పా, చిన్నప్పుడు. నీకు తెలీదేమో. తప్పు చేసినాను."

కేశవప్ప ప్లేటు వైపే చూస్తూ, "గుడ్డ," అన్నాడు. "పచ్చ అంచు."

ముప్పై నాలుగేళ్ళ కింద చించిన ఆ చీరది ఆకుపచ్చ అంచేనని పుట్టమ్మ ఎవరికీ చెప్పలేదు. అంటే అతనికి మొదటినుంచీ తెలుసు. తెలిసే ఇన్నేళ్ళూ ఆమె వడ్డించిన కూడు తిన్నాడు, ఆమె పక్కనే ఆకు కోశాడు.

"నొప్పి అయిందా అప్పా?"

"అయింది," అన్నాడు. కాస్త ఆగి, "ఇప్పుడు లేదు," అన్నాడు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, తినడం మొదలుపెట్టాడు.

సుబ్బరాయప్ప లేచి, నీళ్ళు తెస్తానని వెళ్ళాడు. చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. వచ్చాక తల్లిని ఒక్క మాట కూడా అడగలేదు. ఆమె ప్లేటు ఆమె దగ్గరికి జరిపాడు.

ఆ తర్వాత ఇంట్లో పెద్ద మార్పులేమీ రాలేదు. కేశవప్ప మాటలు పెరగలేదు. అయితే కొన్ని పనులు మారాయి. టీవీ చప్పుడు ఎక్కువైనప్పుడు అతను లోపలికి వచ్చి చెయ్యి ఎత్తేవాడు, తగ్గించేవాళ్ళు. చుట్టాలొస్తే కేశవప్ప ఎక్కడని అడిగేవాళ్ళకు, పిలిస్తే రాడు, మీరే కొట్టంలోకి పోయి చూడండి, పురుగుల గురించి అడగండి, జవాబు చెప్తాడు అనేవాడు సుబ్బరాయప్ప. ఒకరిద్దరు పోయి అడిగారు కూడా. పుట్టమ్మ గుళ్ళ చుట్టూ తిరగడం మానేసింది. మానేశాక పొద్దు పోవడం లేదని సణిగేది.

ఏడాదిన్నర తర్వాత పరిశోధన ముగిసింది. జ్ఞానాంబ ఇంగ్లీషులో అచ్చయిన కాగితాలను రంజిత చేతికిచ్చింది. ఈసారి సుబ్బరాయప్ప తానే రమ్మని కబురు పెట్టాడు. రంజిత అరుగు మీద కూర్చుని పటం చూపించింది. తెల్ల కాగితం మీద నల్ల చుక్కలు కొన్ని, బూడిదరంగు చుక్కలు కొన్ని. నల్లవి ఆటిజం ఉన్నవాళ్ళు, బూడిదరంగువి లేనివాళ్ళు. మొత్తంగా చూస్తే నల్ల చుక్కలు ఒక పక్కకు కాస్త ఒరిగి ఉన్నాయి. మధ్యలో మాత్రం రెండు రంగులూ కలిసిపోయి ఉన్నాయి.

"దీంట్లో మావాడు ఏ చుక్క?" అన్నాడు సుబ్బరాయప్ప.

"ఎవరిది ఏదో రాయరు నాయనా. ఒక చుక్కను చూసి ఈ మనిషి ఇట్లాంటోడని చెప్పలేరంట. అందర్నీ కలిపి చూస్తేనే తేడా తెలుస్తుందంట."

సుబ్బరాయప్ప కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "మధ్యలో ఉండేవాళ్ళు ఎవరు ఎవరో కనుక్కునేది కష్టమే," అన్నాడు. "నేనున్నా తెలీదు."

రంజిత వచ్చిన పని ఇంకొకటి ఉంది. జ్ఞానాంబ రెండో పరిశోధన మొదలుపెడుతోంది. మొదట వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తే మంచిదని ఫారం పంపింది. రంజిత దాన్ని కొట్టంలోకి తీసుకెళ్ళి, ఆకు తరుగుతున్న చిన్నాయన పక్కన కూర్చుని, అదే ఫోటోలు వరుసగా పెట్టి అడిగింది. ఇంట్లో అందరూ ఒప్పుకుంటాడనే అనుకున్నారు. సుబ్బరాయప్ప అప్పటికే ఏ బస్సుకు పోవాలో ఆలోచిస్తున్నాడు.

కేశవప్ప ఫోటోలను చూశాడు. కత్తిపీట పక్కకు పెట్టి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, రంజిత ఒళ్ళో పెట్టేశాడు.

"వద్దు."

"ఎందుకు చిన్నాయనా? భయమా?"

"చూసినారు కదా," అన్నాడు. "మళ్ళీ ఎందుకు?"

గుమ్మంలో నిలబడిన సుబ్బరాయప్ప ఏదో చెప్పబోయాడు. పుట్టమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "వాడు వద్దన్నాడు," అంది. "అంతే."

రంజిత ఫోన్లో ఈ సంగతి చెప్పినప్పుడు జ్ఞానాంబ నవ్వింది. ఫారంలో, వద్దన్న కారణం రాసే చోట ఆయన అన్నమాటే ఉన్నదున్నట్టు రాయమంది. రంజిత కొట్టంలోనే తట్ట బోర్లించి, దాని మీద ఫారం పెట్టుకుని రాసింది. ఆమె రాసినంతసేపూ కేశవప్ప పక్కన నిలబడి చూశాడు. ముగించి కలం ఇవ్వగానే, ఎడమచేత్తో తీసుకుని, సంతకం చేసే చోట అడ్డంగా ఒక గీత గీశాడు. మర్నాడు పొద్దున ఆరున్నర బస్సుకు రంజిత ఆ కాగితంతో బెంగళూరికి బయలుదేరింది.